బండి మళ్లిన చోట

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పై అంతస్తు వాళ్ల పాత కారు ఒకటుంది. పొద్దున్నే ఆయన దాన్ని బయటికి తీసి, గేటు ముందు ఆపి, హ్యాండ్ బ్రేక్ లాగుతాడు. కర్ర్‌ర్ మని చప్పుడు. ఈ మధ్య వచ్చే కార్లలో మీట నొక్కితే చాలట, చప్పుడే ఉండదు. ఆ పాత చప్పుడు చెవిన పడగానే, వంటింట్లో ఉన్నా సరే, నా కుడిచెయ్యి పెన్ను కోసం వెతుకుతుంది. చేతిలో గరిటె ఉంటే ఆ గరిటెనే కాసేపు పెన్నులా పట్టుకుని నిలబడిపోతాను. మా అత్తయ్య అది చూసి, "మళ్లీ షామీర్‌పేట వెళ్లొచ్చావా ఏంటే?" అని నవ్వుతుంది. ఆవిడకి తెలుసు, నేను వెళ్లింది దావీదు గారి దగ్గరికని. ఆయన గురించి రాయాలి రాయాలి అనుకుంటూ ఇన్నాళ్లూ బద్ధకించాను. నా చదువుకి ఆయన గురువు కాదు, నాకు పై అధికారీ కాదు. నా పేషెంటు. అయినా నేను ఇవాళ నా పని నేను చేసుకుంటూ తలెత్తుకుని తిరుగుతున్నానంటే అందులో సగం ఆయన చలవే.

నేను ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్లకీ, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లకీ ఇళ్లకు వెళ్లి కసరత్తులు చేయిస్తాను. మాది తణుకు దగ్గర పల్లె. మా ఆయన ప్రసాద్ ఉద్యోగం ఇటువైపు కావడంతో నగర శివారున బహదూర్‌పల్లిలో ఫ్లాటు కొనుక్కుని ఇక్కడివాళ్లమైపోయాం. మొదట్లో ఓ ఆసుపత్రిలో చేసేదాన్ని. అక్కడ నుంచి ఇంటికి వెళ్లిపోయిన ముసలివాళ్లు మళ్లీ రాలేక, చేయించేవాళ్లు లేక, మంచాలకే అతుక్కుపోవడం చూసి మనసు ఊరుకోలేదు. ఉద్యోగం మానేసి, అప్పు మీద ఓ పాత కారు కొని, బౌరంపేట్ నుంచి మేడ్చల్ దాకా, మేడ్చల్ నుంచి షామీర్‌పేట దాకా ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. రోజుకి అయిదారు ఇళ్లు. సాయంత్రానికి నడుం పట్టేసేది గానీ, ఎవరో ఒకరు గోడ వదిలి రెండడుగులు వేసిన రోజున నాకు ఆకలే తెలిసేది కాదు, కడుపు ఆనందంతోనే నిండిపోయేది.

ఇంట్లో మాత్రం ఆ ఆనందానికి విలువ కట్టే పద్ధతి వేరు. మా ఆయన చెడ్డవాడు కాదు, లెక్క మనిషి. ఏడాది చివర కూర్చుని, నాకు వచ్చిన ఫీజులు ఓ పక్కన, కారు కిస్తీ, పెట్రోలు, రిపేర్లు ఇంకో పక్కన వేశాడు. బండి నా పేరు మీద ఉంది, పెట్రోలు నా కార్డు మీద పడుతోంది, కాబట్టి ఖర్చంతా నా పనిదే. కూడికలు అయ్యాక కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "నువ్వు ఊళ్లోవాళ్ల కాళ్లు నడిపిస్తున్నావు లలితా, మన జేబు కుంటుతోంది. ఇంకో ఏడాది చూద్దాం. వచ్చే మార్చికి కూడా ఇలాగే ఉంటే ఆపేసి, మళ్లీ ఆసుపత్రిలో చేరిపో" అన్నాడు. అంకెలు ఆయన దగ్గరున్నాయి. నా దగ్గర ఉన్నది ఏడుపొక్కటే, అదీ బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. నా పనికి ఇంకా పన్నెండు నెలల ఆయుష్షు మిగిలింది.

అదే రోజుల్లో మేడ్చల్‌లో ఆదాయపు పన్ను రిటర్నులు వేసే ఓ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన విషయం విడమరిచి చెప్పారు. "చూడమ్మా, మీలాంటివాళ్లకి సులువు దారి ఒకటుంది. వచ్చిన దాంట్లో సగం ఆదాయమని చూపించేస్తే ఖర్చుల గురించి ఎవరూ అడగరు. కానీ మీ ఖర్చు సగం దాటిపోతోందని మీవారు అంటున్నారు. సగానికి మించి ఖర్చు చూపించాలంటే లెక్కలు రాయాలి. ముఖ్యంగా కారు. కారు ఖర్చులో పని కోసం తిరిగిన మేరకే తగ్గింపు వస్తుంది, సొంతానికి తిరిగింది రాదు. ఏ రోజు ఎక్కడికి, ఎందుకు, ఎన్ని కిలోమీటర్లు. ఏప్రిల్ ఒకటి నుంచి పుస్తకం పెట్టండి" అన్నారు. సరేనని నల్ల అట్ట పుస్తకం కొన్నాను. కొన్నంత సులువుగా రాయలేకపోయాను. రోజూ రాద్దామనుకోవడం, వారానికోసారి గుర్తు తెచ్చుకుని నింపడం. గుర్తురాని చోట ఇరవై అనో ముప్పై అనో ఓ గుండ్రటి అంకె పడేయడం.

దావీదు గారిల్లు షామీర్‌పేటలో చర్చి వెనక సందులో ఉండేది. రెండు గదులు, ముందు రేకుల వరండా, గోడకి సంఘం వాళ్లిచ్చిన క్యాలెండరు. పశువులకు సూదులు వేసే డాక్టర్ల జీపు ముప్పై ఏళ్లు నడిపి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి. కాలు తొందరగానే దారికొచ్చింది. చెయ్యి మొండికేసింది. నేను రబ్బరు బంతి పిసకమంటే, బట్టల క్లిప్పులు తీసి పెట్టమంటే ఆయనకి ఒళ్లు మండేది. "ఏంది డాక్టరమ్మా, గీ చిన్నపిలగాండ్ల ఆటలు?" అని బంతిని మంచం కిందికి దొర్లించేసేవారు. ఆయన భార్య మరియమ్మ గారు వంగి తీసి మళ్లీ చేతిలో పెట్టేది. "ఆడుకో, ఆడుకో. ఇగ వేరే పనేమున్నది నీకు?" అనేది. ఆవిడ నోటికి జవాబు చెప్పగలిగినవాళ్లు ఆ సందులో లేరు.

ఓ రోజు వెళ్లేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. మరియమ్మ గారే చెప్పింది: "పొద్దుగాల బ్యాంకుకు పోయినం. సంతకం కలుస్తలేదని ఆ పిలగాడు ఏలుముద్ర ఏపిచ్చిండు. గప్పటిసంది గిట్లనే పన్నడు." అప్పుడు ఆయన గోడవైపు నుంచే అన్నారు, "చదువు రానోణ్ననుకున్నడు బిడ్డా. ఏలు సిరాల ముంచి, వాడే పట్టి ఒత్తిండు." నేను కసరత్తు కాసేపటి తర్వాత చేయిద్దాంలే అని వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని నా నల్ల పుస్తకం తీశాను. సోమవారం మేడ్చల్ వెళ్లానా, మంగళవారమా? కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంటూ రాస్తుంటే వెనక నుంచి మాట వినపడింది.

"ఏం రాస్తున్నవ్?"

"ఈ వారం ఎక్కడెక్కడికి తిరిగానో గుర్తు చేసుకుని రాస్తున్నానండీ. పన్ను వాళ్ల కోసం."

"యాది జేస్కొని రాస్తే గది లెక్క గాదు, కత. ఇటు తే."

ఆయన లేచి కూర్చున్నారు. ఎడమచేత్తో పుస్తకం ఒళ్లో పెట్టుకుని పేజీలు తిప్పారు. కనుబొమలు పైకి పోయాయి. "అన్ని ఇరవైలు, ముప్పైలేనా? ఏ రోడ్డన్న గిట్ల సక్కగ తెగుతదా? మీ ఇంటికాడికెల్లి మా ఇంటికి ఎంతొస్తదో నీకెరుకనా?" నాకు తెలియదు. ఏడాదిగా వారానికి రెండుసార్లు వస్తున్న దారి, తెలియదు. ఆయన నన్ను కారు దగ్గరికి పంపి మీటర్ చూసి రమ్మన్నారు. ఆ అంకె రాయించారు. "బండి ఎక్కంగనే మీటర్ జూడు, రాయి. దిగంగనే జూడు, రాయి. ఏడికి, ఎందుకు, రాయి. నడుమ ఏం గుర్తుపెట్టుకునే పరేషానే లేదు. ముప్పై ఏండ్లు గిదే జేసిన. సార్లు మారిన్రు, జీపులు మారినయ్, బుక్కు మాత్రం మారలే." ఒక్కో వరుస చివర ఆఫీసర్ సంతకానికి ఓ గడి ఉండేదనీ, డ్రైవర్ ఎంత బాగా రాసినా ఆ సంతకం పడకపోతే అది చెల్లదనీ చెప్పారు. చెబుతూ చెబుతూ ఆయనకి హుషారొచ్చింది. నాకూ ఓ ఆలోచన వచ్చింది.

"అయితే నా పుస్తకానికి ఆఫీసర్ ఎవరండీ?" అన్నాను.

ఆయన నా మొహం చూశారు, పెన్ను చూశారు, తన కుడిచేతిని చూశారు. నా ఎత్తు ఆయనకి అర్థమైపోయింది. "మస్తు తెలివుంది నీకు" అని నవ్వి, పెన్ను వేళ్ల మధ్య ఇరికించమన్నారు. ఆ మొదటి సంతకం సంతకంలా లేదు, చీమ సిరాలో పడి లేచి నడిచినట్టుంది. పెన్ను మూడుసార్లు జారింది, నుదుటి మీద చెమట పట్టింది. అయినా పూర్తి చేశారు. ఆ తర్వాత బంతీ అక్కర్లేదు, క్లిప్పులూ అక్కర్లేదు. నేను వెళ్లిన ప్రతిసారీ, గత నాలుగు రోజుల వరుసలన్నీ చదివి, ఒక్కో దానికి ఒక్కో సంతకం. మరియమ్మ గారు టీ తెచ్చి, "ముప్పై ఏండ్లు సార్ల వెనుక తిరిగిండు, ఇప్పుడు సారయ్యిండు. నాకు జీతమెప్పుడిస్తవ్ సారూ?" అని ఎకసెక్కాలాడేది. ఆయన తల కూడా ఎత్తేవారు కాదు. ఫైల్ చూస్తున్న అధికారి ఎలా ఉంటాడో అచ్చం అలాగే ఉండేవారు.

ఆఫీసర్ అంటే ఉత్త సంతకం పెట్టే ఆఫీసర్ కాదు. మేడ్చల్, షామీర్‌పేట, కీసర చుట్టుపక్కల ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరమో ఆయనకి ఎక్కాల్లా నోటికొచ్చు. ఔటర్ రింగురోడ్డు మీదుగా వెళితే ఎంత, లోపలి దారిలో వెళితే ఎంత, అన్నీ చెప్పేవారు. నాకు మొదట్లో ఓ అనుమానం ఉండేది. నేను ఆ సందులోంచి బయల్దేరితే చాలు, "డాక్టరమ్మా, మేడ్చల్ దాంక దింపవా?" అని ఎవరో ఒకరు ఎక్కేవారు. ప్రార్థనకి వెళ్లే ఆడవాళ్లు, కూరగాయల గంపలు, ఒకసారి మేకపిల్ల కూడా. మరి ఆ కిలోమీటర్లు పనివా, సొంతమా? అడిగితే ఆయన చేయి అడ్డంగా ఊపారు. "దారిల ఎక్కిచ్చుకున్నోళ్లకు లెక్క లేదు బిడ్డా. వాళ్లు ఎక్కినా ఎక్కకున్నా నీ బండి గా దారిలనే పోతది గదా. ఎంతమందినన్న ఎక్కిచ్చుకో. బండి మర్లితేనే లెక్క. పని దారి ఇడిసి బండి మర్లిన కాడ ఆపు, బిరేకు గుంజు, రీడింగ్ రాయి. ఆడికెల్లి సొంతం." అప్పటి నుంచి ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. మంచితనానికి పద్దు రాయక్కర్లేదు గానీ, బండి ఎక్కడ మళ్లిందో మాత్రం తెలిసి ఉండాలి.

తెలిసినంత మాత్రాన పాటించామని కాదు. వానాకాలంలో మా అత్తయ్యకి కళ్లలో శుక్లాలు తీయించాల్సి వచ్చింది. కొంపల్లి వైపు కంటి ఆసుపత్రికి పరీక్షలకనీ, మందులకనీ నేనే తిప్పేదాన్ని. ఆవిడని అక్కడ దింపి, మేడ్చల్‌లో ఇద్దరు పేషెంట్లను చూసుకుని, మళ్లీ వచ్చి ఎక్కించుకుని ఇంటికి. ఆ తిరుగుడంతా 'మేడ్చల్, పేషెంట్లు' అని పని కింద రాసేశాను. ఎన్ని కిలోమీటర్లు పని కింద పడితే అంత తగ్గింపు వస్తుంది కదా, అదే నా తెలివి. దావీదు గారు ఆ వరుసల దగ్గర పెన్ను ఆపారు.

"మేడ్చల్‌కు నువ్వు గండిమైసమ్మ, దుండిగల్ మీదికెల్లి పోతవు గదా?"

"అవునండీ."

"మరి గీ రోజు పద్నాలుగు కిలోమీటర్లు ఎక్కువ ఎట్లొచ్చినయ్? నాలుగు చోట్ల గిట్లనే ఉన్నది."

చెప్పాను. అత్తయ్య కళ్లు, ఆసుపత్రి. పెన్ను మూత పెట్టేశారు. "నేను సంతకం పెట్ట" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ రోజు పొద్దున్నుంచీ తిండి లేదు, పైగా వాన. "మా ఆయన కూడా నన్ను ఇలా నిలదీయడండీ! నాలుగు డబ్బులు తగ్గుతాయని రాసుకున్నాను. ఎవరి కొంప ముంచాను? ఎవరు చూడొచ్చారు?" అని గట్టిగానే అరిచాను. వంటింట్లోంచి మరియమ్మ గారు తొంగిచూసింది. ఆయన కోప్పడలేదు. వరండా చూరు నుంచి పడుతున్న నీళ్లకేసి చూస్తూ చెప్పారు.

"ఓ సారు ఉండె గప్పుడు. పేరెందుకులే. బిడ్డ లగ్గం ఉండె ఆయనకు. బట్టలకని, బంగారానికని జీపుల సికింద్రాబాద్‌కు తిప్పిండు. 'దావీదూ, ఫలానా ఊరు క్యాంపని రాయి' అన్నడు. రాసిన. నాలుగుసార్లు రాసిన. ఎవ్వలు జూడలే, ఎవ్వలు అడగలే. సారు బదిలై పోయిండు. వానలు పడ్డయ్. ఆ ఊర్లె గొర్లకు రోగం తగిలింది. గొర్లు కాసేటోళ్లు ఆఫీసుకొచ్చి జీపు పంపుమని మొక్కిన్రు. కొత్త సారు బుక్కు తిప్పిండు. 'గీ ఊరికి నాలుగుసార్లు జీపు పోయింది, సూదులు పడ్డయ్. జీపే పోని ఊర్లున్నయ్, ముందు ఆడికి' అన్నడు. ఆయన తప్పేమున్నది? నేను ఆడనే నిలవడ్డ. 'సార్, జీపు పోలే' అని ఒక్క మాట అనాలె. నోట్లకెల్లి రాలే. వారం దాటినంక పోయినం."

మరియమ్మ గారు గుమ్మంలో నిలబడి మెల్లగా, "ఊరవతల బొంద తవ్వి బూడ్చిన్రు గొర్లను" అంది. ఆవిడ గొంతులో ఎకసెక్కం లేకపోవడం అదే మొదటిసారి విన్నాను.

"రాయమన్నది సారే. కని రాసింది గీ చెయ్యి" అన్నారు ఆయన, తన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి చూపిస్తూ. "దేవుడు క్షమించిండంటడు పాస్టరు. కావచ్చు. గొర్లోళ్లను అడిగే ధైర్యం నాకైతే రాలే." నా మొహం చూసి గొంతు మార్చారు. "నీ దాంట్ల గొర్లు సావయ్ బిడ్డా, భయపడకు. కని ఒకటి ఇను. మీ ఇంటి పనంత తెచ్చి నీ కొలువు నెత్తిన పెడ్తున్నవ్. రేపు మీ ఆయన గీ బుక్కు జూసి 'అగో, నీ కొలువే గింత పెట్రోల్ తాగింది' అనడా? ఇంటికోసం తిరిగింది ఇంటి కిందనే రాయి. నీ కొలువు ఏం పాపం జేసిందని దానికి గీ బరువు?"

తగ్గింపు పెరుగుతుందని సంబరపడ్డానే గానీ, నా పనిని నేనే నష్టాల్లో ముంచుతున్నానని నాకు తట్టలేదు. మా ఆయన చేసిందీ అదే, నేను చేస్తున్నదీ అదే. ఆయన తెలియక చేశాడు, నేను తెలివనుకుని చేశాను. అక్కడే కూర్చుని ఆ నాలుగు వరుసలూ కొట్టేసి, ఆసుపత్రి దాకా సొంతం, అక్కడి నుంచి మేడ్చల్ వెళ్లి రావడం పని, ఆసుపత్రి నుంచి ఇంటికి సొంతం అని విడదీసి రాశాను. అప్పుడు సంతకాలు పెట్టారు. 'దావీదు'లో రెండు దీర్ఘాలూ మొదటిసారి సరైన చోట పడ్డాయి.

ఇక అక్కడి నుంచి మా ఇంట్లోవాళ్ల తల ప్రాణం తోకకొచ్చింది. కంటి ఆసుపత్రి గేటు ముందు హ్యాండ్ బ్రేక్ లాగి పుస్తకం తీస్తే, "ఇదేం జబ్బే నీకు? వెనకాల ఆటోవాడు హారన్ కొట్టి చంపుతున్నాడు, ముందు నన్ను దింపు తల్లీ" అని అత్తయ్య మొత్తుకునేది. మా ఆయన స్నేహితుణ్ని ఎయిర్‌పోర్ట్‌లో ఎక్కించుకుని వస్తూ మధ్యలో ఆగి రాస్తుంటే, ఆ స్నేహితుడు మా ఆయనకేసి అదోలా చూశాడు. తణుకులో చిన్నమామగారి షష్టిపూర్తికి వెళ్లినప్పుడు బయల్దేరేటప్పుడు ఓ అంకె, తిరిగొచ్చాక ఓ అంకె. ఆదివారం నాగారంలో ఆడపడుచు ఇంటికి వెళ్లినా అంతే. "పన్ను వాళ్లకి మన చుట్టరికాలు కూడా కావాలా?" అని ప్రసాద్ వెక్కిరించేవాడు. నేను మాత్రం మీటర్ చూసి రాసేదాన్ని.

మార్చి వచ్చింది. చివరి ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ప్రసాద్ కాలిక్యులేటర్ తెచ్చుకుని భోజనాల బల్ల దగ్గరే కూర్చున్నాడు. పోయినేడాది కూర్చున్న కుర్చీలోనే. నేను పుస్తకం ఆయన ముందు పెట్టాను. పని కాలమ్ కూడాడు. సొంతం కాలమ్ కూడాడు. మొహం చిట్లించి మళ్లీ కూడాడు. ఏడాదికి పదిహేడు వేల కిలోమీటర్ల చిల్లర. అందులో నా పేషెంట్ల కోసం తిరిగింది ఎనిమిది వేలకి కాస్త అటూ ఇటూ. మిగతాదంతా మా ఇల్లు, మా చుట్టాలు, మా ఆసుపత్రులు, మా తణుకు.

"ఇది నిజమేనా?" అన్నాడు.

"మొదటి కొన్ని వారాలు తప్ప ప్రతి అంకె మీటర్ చూసి రాసింది. పక్కన ఆఫీసర్ సంతకం కూడా ఉంది."

"ఏ ఆఫీసరు?"

"ఉన్నార్లెండి."

మా అత్తయ్య కొత్త కళ్లజోడు సర్దుకుని పుస్తకం తన వైపు లాక్కుంది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ కనపడిన ప్రతి కాగితమూ చదివేస్తోంది. గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "తణుకు, షష్టిపూర్తి, సొంతం. కంటి ఆసుపత్రి, సొంతం. మళ్లీ కంటి ఆసుపత్రి. ఎయిర్‌పోర్ట్, ప్రసాద్ గారి ఫ్రెండు, సొంతం..." అక్కడ ఆగి, కళ్లజోడు మీదుగా కొడుకుని చూసింది. "ఒరే అబ్బాయ్, నీ ఫ్రెండు విమానం దిగితే దీని వైద్యానికి నష్టం ఎలా వచ్చిందిరా? నా కళ్ల ఖర్చు దీని జీతంలో కోసి, అది సంపాదించట్లేదని నువ్వు అన్నావా?" ప్రసాద్ మొహం పాలిపోయింది. కిస్తీ, పెట్రోలు, రిపేర్లు అన్నిట్లోనూ నా పని వాటా వరకే తీసి, మళ్లీ లెక్క వేశాడు. అరగంట పట్టింది. ఆ అరగంటలో నేను బల్ల తుడిచిందే తుడిచాను. చివరికి కాలిక్యులేటర్ పక్కన పెట్టి, "తప్పు నాదే లలితా. నీ పనికి నష్టమేం లేదు. పోయినేడాదీ లేదన్నమాట. ఆపొద్దు" అన్నాడు. నాకు మళ్లీ ఏడుపొచ్చింది, కానీ ఈసారి బాత్రూమ్‌లోకి వెళ్లలేదు.

రెండు నెలలాగి మేడ్చల్ పెద్దాయన దగ్గరికి పుస్తకం పట్టుకుని వెళ్లాను. ఆయన అంకెలన్నీ చూసుకుని నవ్వారు. "కారులో పని వాటా ఇంతే అయితే మీ ఖర్చు సగం దాటట్లేదమ్మా. హాయిగా సులువు దారిలోనే వేసేద్దాం. ఈ పుస్తకంతో నాకు పని లేదు, మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు. ఏడాది పొడవునా ఎండలో వానలో హారన్ల మధ్య ఆగి ఆగి రాసిన పుస్తకం! గుడ్లు తేలేశాను. కారెక్కాక మాత్రం నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే తిన్నగా షామీర్‌పేట వెళ్లి దావీదు గారికి చెప్పాను.

"అక్కెర లేదన్నడా?" ఆయన మొహం చిన్నబోయింది. "మరి రేపటిసంది రాయవా?"

"రాయకపోతే మా ఇంట్లో నా ఉద్యోగం ఉంటుందాండీ?"

ఆయన పకపకా నవ్వారు. ఆ నెలలోనే బ్యాంకుకి వెళ్లి, వేలిముద్ర వద్దని చెప్పి, కౌంటర్ దగ్గర నిలబడి సంతకం పెట్టి వచ్చారు. ఆ కుర్రాడు రెండుసార్లు పాత సంతకమున్న కార్డుతో పోల్చి చూసి తల ఊపాడట. ఇక నా వైద్యం ఆయనకి అవసరం లేదు. ఆ మాట చెప్పి ఫీజు ఆపేశాను గానీ, శనివారం సాయంత్రాలు వెళ్లడం మాత్రం మానలేదు. ఓ శనివారం పుస్తకం చూస్తూ ఆయన వేలితో ఓ చోట పొడిచారు. "గిదేంది? షామీర్‌పేట సొంతంల రాసినవ్?" "మీకు కసరత్తు అయిపోయింది కదండీ. ఇప్పుడు వస్తున్నది నా కోసం" అన్నాను. ఆయన ఆ వరుస పక్కన సంతకం పెట్టారు. రోజూ పెట్టేదానికన్నా నిదానంగా, ఇంటిపేరుతో సహా పెట్టారు.

ఆ తర్వాత రెండేళ్లు ఆరోగ్యంగానే ఉన్నారు. ఓ వేకువన నిద్రలోనే వెళ్లిపోయారు. చర్చిలో ప్రార్థన అయ్యాక మరియమ్మ గారు నా చేయి పట్టుకుని, శనివారం రావడం మానొద్దంది. మానలేదు. ఆవిడ మోకాళ్లు అరిగిపోయి మెట్లు దిగలేకపోతుంటే నేనే కసరత్తులు మొదలుపెట్టించాను. మొదటి రోజు లేవబోతుంటే ఆవిడ కొంగుముడి విప్పి నోట్లు తీసింది. నేను వెనక్కి నెట్టాను. మీ దగ్గర తీసుకుంటానా, అలవాటుగా వస్తున్నదాన్నేగా అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది.

"ఆయన సుట్టమై సొంతంల రాయించుకున్నడు, మంచిగుంది. నాకు మాత్రం మోకాళ్లు నొస్తున్నయ్. నువ్వు గంటసేపు నేలమీద కూసొని నా కాళ్లు వట్టి పని జేసినవా లేదా? పుకట్ల జేసుకుంట పోతే మల్ల మార్చి నెలల ఏం జూపిస్తవ్ మీ ఆయనకు? తీస్కో. పనిల రాయి."

ఇప్పటికీ నాకు జాలిపడి ఫీజు వదిలేసుకోవాలనిపించినప్పుడల్లా ఆవిడ ఆ మాటే అంటున్నట్టు ఉంటుంది. ఊరికే చేయాల్సిన చోట ఊరికే చేస్తాను, అది నా ఇష్టం. కానీ నా పనిని పని కాదని మాత్రం నేను ఎప్పుడూ అనను, ఎవరినీ అననివ్వను. ఆ రోజు ఆవిడ ఇచ్చిన డబ్బు తీసుకుని బ్యాగులో పెట్టుకున్నాను. బయటికొచ్చి కారులో కూర్చుని, మీటర్ చూసి, షామీర్‌పేట అని రాసి, దాని ఎదురుగా పని అని రాశాను.